ఎగిరే బండికి వంతులు

మునీశ్వరి మొగుడిలో చుట్టాల దగ్గర చెప్పుకుని ఏడవడానికి పనికొచ్చే దుర్గుణం ఒక్కటీ లేదు. తాగడు. పేకాడడు. పొరుగింటి గొడవల్లో తలదూర్చడు. ఆదివారం పొద్దున్నే లేచి పుంగనూరు పోయి ఎగురుతాడు, అంతే. తాగే మొగుడు దొరికిన ఆడదాన్ని చూసి నలుగురూ జాలిపడతారు. ఎగిరే మొగుడు దొరికినదాన్ని చూసి నవ్వుతారు. "ఏమ్మా మునీశ్వరీ, మీ ఆయన దిగినాడా, ఇంకా పైనే ఉండాడా?" అని కూరగాయల బండి దగ్గర అడుగుతారు. వంకాయలు ఏరుకుంటూ దానికి ఏం జవాబు చెప్పాలి?

ఇది కాక దేవేంద్రకు ఇంకో గుణం ఉంది. తప్పు ఒప్పుకోడు. స్టవ్వు మీద పాలు చూస్తుండమని చెప్పి ఆమె స్నానానికి పోతే, పాలన్నీ పొంగి పోయాక, "ఈ గ్యాసులో మంట ఎక్కువ వస్తాండాది మునీ, ఏజెన్సీ వాణ్ణి అడగల్ల" అంటాడు. బస్సు తప్పిపోతే బస్సు ముందొచ్చింది. మదనపల్లె బస్టాండు వెనక వీధిలో ఆయనకు బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. ఆయన వైండింగ్ చేసిన మోటారు మళ్లీ కాలితే అది కరెంటు తప్పు. ఎగిరేటప్పుడు ఏదైనా తేడా వస్తే అది గాలి తప్పు. గాలికి నోరు లేదు కాబట్టి ఆ తగాదా అక్కడితో ముగుస్తుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో "తప్పు నాది" అనే మాట ఆయన నోట వినాలని మునీశ్వరి మొక్కుకోలేదు గానీ, మొక్కుకుంటే పోయేదేముంది అని అప్పుడప్పుడూ అనుకునేది.

ఆ ఎగిరే బండిని పారామోటర్ అంటారు. మూడు చక్రాల చట్రం, దాని మీద ముందొక సీటు, వెనకొక సీటు, సీట్ల వెనక ఇంజను, ఇంజనుకు పెద్ద ఫ్యాను, ఫ్యాను చుట్టూ కమ్మీల పంజరం. రెక్క అనేది నిజానికి గుడ్డ. మడిస్తే పరుపు చుట్టంత ఉంటుంది, విప్పితే పెళ్లి షామియానా అంత. ఫ్యాను తోస్తే బండి పరుగెత్తుతుంది, గుడ్డలోకి గాలి దూరి లేస్తుంది, తనతో పాటు బండినీ లేపుతుంది. మునీశ్వరి బీఎస్సీ ఫిజిక్సు చదివింది కాబట్టి బండి ఎందుకు లేస్తుందో ఆమెకు తెలుసు. షుగరు మాత్రలు వేసుకునే వయసులో మనిషి ఎందుకు లేస్తాడో మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

దేవేంద్రకు ఈ పిచ్చిలో ఇద్దరు తోడున్నారు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే హాస్టల్లో ఉన్నవాళ్లు. ఒకడు పుంగనూరు మల్లప్ప. ఆ ఊరి పొట్టి ఆవుల్ని మేపుతాడు, ఊరి బయట చదునైన బీడు పొలం ఉంది. రెండోవాడు కుప్పం సాయిప్రసాద్. గ్రానైటు రాళ్లకు పాలిష్ పట్టించే వ్యాపారం. ముగ్గురూ పూణె దాకా పోయి నేర్చుకుని, తలా కొంత వేసుకుని పాత బండి ఒకటి కొని, అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి మల్లప్ప పొలం గేటుకు ఒక బోర్డు తగిలించారు: "మూడూళ్ల గగన విహార సంఘం". సభ్యులు ముగ్గురు. ముగ్గురికీ బీపీ.

చిక్కంతా అక్కడే వచ్చింది. బండి దాని పాటికది మూల కూర్చున్నా ఖర్చు ఆగదు. ఇన్సూరెన్సు ఉంటుంది, ఇంజను విప్పి చూడాలి, ఎండకు చివికితే రెక్క మార్చాలి. సాయిప్రసాద్‌కు మోకాళ్లు పోయాయి. మల్లప్పను డాక్టరు ఎక్కవద్దన్నాడు. ఎగిరేవాడు ఒకడు, ఖర్చు పెట్టేవాళ్లు ముగ్గురు. "కుర్రవాళ్లు పది మందన్నా చేరకపోతే అమ్మేద్దాం రా," అన్నాడు సాయిప్రసాద్. బెంగళూరులో రిసార్టు నడిపే మనిషి ఎవరో కొనడానికి సిద్ధంగా ఉన్నాడని కూడా అన్నాడు.

ఆ రోజు నుంచి దేవేంద్ర యువతరం కోసం వెతకడం మొదలుపెట్టాడు. వెతకడమంటే, షాపు మీది గదిలో ప్లాస్టిక్ బల్ల వేసి, వచ్చిన ప్రతి యువకుణ్ణీ ఇంటర్వ్యూ చేసి, ఇంటికి పంపించడం.

మొదట వచ్చినవాడు దిలీప్. మదనపల్లెలోనే సెల్ ఫోన్ల షోరూములో పని. మునీశ్వరి టీ ఫ్లాస్కు పట్టుకుని మేడ మీదికి వచ్చేసరికి బల్లకు అటు పక్క ముగ్గురు పెద్దమనుషులు పెళ్లిచూపులకు వచ్చినట్టు బిగుసుకుని కూర్చున్నారు.

"యాల ఎగరాలనుకుంటాండావు?" అన్నాడు దేవేంద్ర.

"ఊరికే సార్. బాగుంటాది కదా."

"ఊరికేనా?"

"అవు సార్. ఆ పొద్దు రోడ్డు మీద పోతా పుంగనూరు దగ్గర చూసినా. బండాపి చూస్తా నిలబడిపోయినా. షోరూముకు లేటయి ఓనర్ తిట్టినాడు."

మునీశ్వరికి ఆ జవాబు చాలా నచ్చింది. దేవేంద్రకు 'ఊరికే' దగ్గరే ముల్లు గుచ్చుకుంది. రెక్క మీద గాలి ఒత్తిడి ఎందుకు తగ్గుతుందో చెప్పమన్నాడు. దిలీప్ చెప్పలేదు. చేతికి కట్టుకున్న కాశీదారం తెంపెయ్యమన్నాడు. దిలీప్ కొంచెం ఆలోచించి, వాళ్లమ్మ కట్టిందన్నాడు. చివరికి డిపాజిట్ మాట వచ్చింది. అది కొత్త మోటారు సైకిల్ ఖరీదంత ఉంది.

"సార్, అంత ఉంటే మోటారు సైకిలే కొంటా కదా," అని నవ్వేసి దిలీప్ టీ తాగి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ గ్లాసు తనే కడిగి బోర్లించాడు. అదీ మునీశ్వరి గమనించింది.

తర్వాత పల్లవి. కుప్పంలో ఇంజనీరింగు చదువుతుంది. రెండు బస్సులు మారి వచ్చింది పాపం. ఒత్తిడి సంగతి గడగడా చెప్పింది. దేవేంద్ర ముఖం కొంచెం విప్పారింది. ఇంతలో ఆ పిల్ల, "డిపాజిట్ నెలనెలా కొంచెం కట్టొచ్చా అంకుల్?" అంది.

"ఇదేమన్నా ఫ్రిజ్జామ్మా, కంతుల మీద ఇయ్యడానికి? ఊరికే వచ్చినదానికి విలువుండదు."

"ఊరికే కాదు కదంకుల్, కంతుల మీద."

"ఇంకోటి చెప్తాండా విను. ఆ జడ ఇట్ల వేలాడకూడదు. చున్నీ లేదు, గొలుసు లేదు, ఒంటి మీద దారప్పోగు ఎగరకూడదు. ఫ్యాను లాక్కుంటాది. ఫ్యాను ఎదర పూచిక పుల్ల కూడా ఉండకూడదు. అర్థమయిందా? ఇంకా మధ్యలో డౌట్లు అడగరాదు. నేను చెప్పేది చెప్పినాక, చివర్లో."

పల్లవి చున్నీ మడిచి బ్యాగులో పెట్టుకుని, మళ్లీ రెండు బస్సులు మారి కుప్పం వెళ్లిపోయింది. మెట్లు దిగేటప్పుడు మునీశ్వరి ఆమె చేతిలో రెండు అరటిపళ్లు పెట్టి ఫోన్ నంబరు రాయించుకుంది. దిలీప్‌ది అప్పటికే ఉంది. ఎందుకని అడిగితే ఆమె కూడా 'ఊరికే' అనే చెప్పేది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి దేవేంద్ర చెప్పులు విప్పుతూ, "ఇప్పటి పిల్లోళ్లకు ఆశ లేదు మునీ. ఫోను తప్ప ఏమీ అక్కర్లేదు వీళ్లకు. ఆకాశం చూపిస్తే ఫొటో తీసుకుని పోతారు," అన్నాడు.

"వచ్చినోళ్లను వచ్చినట్టు తరిమేస్తే ఆశ యాడ నిలబడతాదండీ?"

"తరిమింది యాడ? పరీక్ష పెట్టినా."

"మీకు పూణెలో ఎవరన్నా పరీక్ష పెట్టినారా?"

"అప్పుడు కాలం వేరు," అన్నాడు దేవేంద్ర. అంటే ఈసారి తప్పు కాలానిది.

మల్లప్పే ఒక ఉపాయం చెప్పాడు. పిల్లలు మన దగ్గరికి రాకపోతే మనమే బండిని పిల్లల దగ్గరికి తీసుకుపోదాం, కళ్లతో చూస్తే ఆశ పుడుతుంది అని. కుప్పంలో సాయిప్రసాద్ రాళ్ల యార్డు పక్కన పెద్ద ఖాళీ మైదానం ఉంది. చుట్టుపక్కల కాలేజీలన్నిటికీ కబురు వెళ్లింది. బండిని చిన్న ట్రక్కు ఎక్కించి, రెక్క మూటను మునీశ్వరి కాళ్ల దగ్గర పెట్టి, వి.కోట మీదుగా చీకటితోనే బయల్దేరారు. చిత్రాన్నం డబ్బా ఆమె ఒళ్లో. తన వంతుకు దక్కిన సీటు ఎప్పుడూ ట్రక్కులోదే.

పిల్లలు వచ్చారు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ మంది వచ్చారు. దేవేంద్ర ఆ గుంపును చూసి గుటక మింగడం మునీశ్వరికి కనబడింది. ఆయనకు సంతోషమూ భయమూ కలిసి వస్తే గుటక ఒక్కటే వస్తుంది.

అప్పుడు చేశాడు ఆ పని.

ఆయన షాపులో ఒక రివాజు ఉంది. బాగు చేసిన ఏ మోటారూ దిష్టి తీయకుండా గడప దాటదు. బొట్టు పెట్టి, నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చిన దండ కడతాడు. రైతులకూ అది కావాలి. దండ లేకపోతే, "ఏంది దేవేంద్రన్నా, మా మోటారుకు కట్టలేదే?" అని అడిగి మరీ కట్టించుకుంటారు. ఇన్నేళ్లుగా ఆ చెయ్యి దానంతట అదే కడుతుంది. ఇంత మంది కళ్లు పడే రోజు కట్టకుండా ఉంటుందా? చొక్కా జేబులోంచి దండ తీశాడు. అందరికీ కనబడేట్టు, సీటు వెనక, పంజరం ముందు కమ్మీకి, అచ్చంగా ఫ్యానుకు ఎదురుగా, గట్టి ముడి వేసి కట్టాడు. రెండు కళ్లకూ అద్దుకున్నాడు.

మునీశ్వరి అప్పుడు మైదానం అవతలి గట్టున విస్తరాకులు పరుస్తోంది. ముందు వరుసలో నిలబడ్డ పల్లవి చెయ్యెత్తింది.

"అంకుల్, ఆ నిమ్మకాయ..."

"డౌట్లు చివర్లో."

"డౌటు కాదంకుల్, అది ఫ్యానుకు ఎదర..."

"చివర్లో అని చెప్తిని కదమ్మా!"

చివర్లో అవసరం రాలేదు. ఇంజను స్టార్టయింది. ఫ్యాను ఒక్క పీల్పు పీల్చింది. దండ ఎగిరి లోపలికి పోయింది. టపటపమని ఒక చప్పుడు, తర్వాత ఫటేల్‌మని ఇంకో చప్పుడు. ఫ్యాను రెక్క ఒకటి సగానికి విరిగి పంజరానికి తగిలి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఇంజను వెనక నిలబడి రెక్క తాళ్లు సర్దుతున్న సాయిప్రసాద్ తెల్లచొక్కా నిండా పచ్చిమిరప పచ్చడి. నిమ్మరసం సహా.

మైదానం అంతా ఒకటే నవ్వు. అలాంటి నవ్వు మునీశ్వరి తన కాలేజీ రోజుల తర్వాత వినలేదు. నవ్వకూడదని ఆమె చాలా ప్రయత్నం చేసింది. విస్తరాకు అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది.

"నైలాన్ దారం," అన్నాడు దేవేంద్ర బండి దిగుతూ. "పూర్వం నూలు దారం కట్టేవాళ్లు, తెగి పక్కకు పడేది. ఇప్పుడన్నీ నైలాన్. దానికి తోడు గాలి అడ్డం తిరిగింది."

మధ్యాహ్నానికి పిల్లలు ఫోన్లలో తీసిన వీడియో మదనపల్లె చేరింది. వాళ్లింకా చేరలేదు.

తిరుగు దారిలో సాయిప్రసాద్ ఫోన్ చేశాడు. కళ్లు మండుతున్నాయో, మనసు మండుతోందో, గొంతు మాత్రం చల్లగా ఉంది. "దేవేంద్రా, ఇంక చాలప్పా. నువ్వే చెప్పినావు, పిల్లోళ్లకు ఆశ లేదు, రూపాయి కట్టరు అని. ఈ పొద్దు నవ్వి పోయినారు. నీ మాట నమ్మే చెప్తాండా, వచ్చే ఆదివారం పుంగనూరుకు బెంగళూరాయన వస్తాండాడు. బండి ఇచ్చేద్దాం." దేవేంద్ర ఫోన్ జేబులో పెట్టుకుని కిటికీలోంచి ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నాడు.

అసలు కష్టం ఆ మర్నాటి నుంచి మొదలైంది. ఎగరని దేవేంద్ర ఎలా ఉంటాడో అప్పటిదాకా మునీశ్వరికి తెలియదు. షాపు తలుపు సగం తెరిచి ఇంటికొచ్చేస్తాడు. వంటింట్లో ఆమె వెనకే నిలబడి, ఆవాలు చిటపటలాడాకే కరివేపాకు వెయ్యాలా, ముందే వెయ్యకూడదా అని అడుగుతాడు. గిన్నెలు సైజుల వారీగా సర్దుతాడు. చపాతీ గుండ్రంగా రాకపోవడానికి కారణం ఆమె మణికట్టు కోణమని చెబుతాడు. ఇక ప్రతి ఆదివారమూ ఇదే అనుకునేసరికి ఆమెకు కళ్లు తిరిగాయి.

దీన్ని ఆమె నవ్వుతాలుగా తీసేయగలిగేదే. కానీ ఇంకొకటి ఉంది. ఆదివారం ఎగిరి దిగి వచ్చాక ఒక గంట సేపు ఆయన వేరే మనిషిగా ఉంటాడు. నిమ్మనపల్లె చెరువు మీద కొంగలు కిందినుంచి కాదు, పైనుంచి ఎలా కనబడతాయో చెబుతాడు. వేరుశనగ చేలు ఒక్కో రైతుది ఒక్కో పచ్చగా ఉంటుందంటాడు. ఆ గంటలో ఆయన దేనికీ ఎవరినీ తప్పు పట్టడు. ఆ గంట కోసం ఆమె మిగిలిన వారమంతా భరించేది. ఇప్పుడు ఆయన అన్నం కెలుకుతూ, "బెంగళూరాయన రెక్కను ఎండలో పడేస్తాడేమో మునీ," అన్నాడు. ఆ మాటతో ఆమెకు కోపం రావాలి, చెయ్యి మాత్రం ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. దాంతో ఇంకా కోపం వచ్చింది.

ఈలోగా ఫోన్లు రావడం మొదలైంది. సంఘం బోర్డు మీదా, కాలేజీలకు పంపిన కబురులోనూ ఉన్న నంబరు ఇంటిది. దేవేంద్ర ఎత్తడు, ఎగతాళి చేయడానికి చేస్తున్నారని ఆయన నమ్మకం. మునీశ్వరి ఎత్తింది.

"ఆంటీ, ఆ నిమ్మకాయ వీడియో బండి మీదేనా?"

"మాదే నాయనా. నవ్వుకున్నావు కదా, ఇంకేం గావల్ల?"

"అది కాదాంటీ, దాంట్లో మమ్మల్ని ఎక్కించుకుంటారా? ఎంతవుతాది?"

రెండోది అదే ప్రశ్న. మూడోదీ అదే. తంబళ్లపల్లె నుంచి ఒకడు, వి.కోట నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లు. నవ్వడం అయిపోయాక అందరూ అడిగేది ఒకటే, మేం ఎక్కొచ్చా అని. డిపాజిట్ సంగతి చెప్పగానే, "ఓ... సరేలే ఆంటీ," అని ఫోన్లు పెట్టేస్తున్నారు. ఆ 'సరేలే' ఆమెకు బాగా తెలిసిన మాట. చీరల షాపులో ధర చీటీ చూసి తను వెయ్యేసార్లు అన్న మాట. ఆశ లేనివాళ్లు అనే మాట కాదది.

ఆమె పల్లవికి ఫోన్ చేసింది.

"పల్లవీ, నేను మునీశ్వరి ఆంటీని. అరటిపళ్లు తిన్నావా?"

"తిన్నానాంటీ. అంకుల్ ఎట్లుండారు?"

"వంటింట్లో ఉండాడు. అందుకే చేస్తాండా. ఒక మాట చెప్తా విను. మా పుట్టింటి పక్క, తంబళ్లపల్లె దగ్గర, నాలుగు కుటుంబాలకు ఒకే బావి. ఒక్కరికే మోటారు పెట్టుకునే తాహతు లేదు. అందుకని వంతులు. ఈ పొద్దు నీ వంతు, రేపు నా వంతు. కరెంటు బిల్లు వంతు ప్రకారం. ఎవరికన్నా ఆ నెల చేతిలో లేకపోతే కాలవ పూడిక తీస్తారు, వాళ్ల వంతు వాళ్లకు పోతాది. నీళ్లు తోడుకోవాలంటే మోటారు సైకిలంత డిపాజిట్ కట్టమని మా నాయన ఎవర్నీ అడగలేదు."

"ఆంటీ, అంటే పెట్రోలు వంతు ప్రకారం పంచుకోడం, లేనోళ్లు రెక్క మడిచేది, పొలం శుభ్రం చేసేది?"

"ఆవుల్ని అదిలించేది కూడా. మల్లప్ప ఆవులకు ఆ రెక్క నాకడమంటే ప్రాణం."

"సూపరాంటీ! కానీ అంకుల్ ఒప్పుకుంటారా?"

"అంకుల్‌కు చెప్తే కదా ఒప్పుకోకుండా పోయేది."

తర్వాత దిలీప్‌తో మాట్లాడింది. వాడు విని, "ఆంటీ, పెట్రోలులో నా వంతు నాకు బిర్యానీ ఖర్చంత పడతాది. నెలకోసారి బిర్యానీ మానేస్తా, అంతే కదా," అన్నాడు. కాశీదారం సంగతి అడిగింది. ఆ పూటకు తీసి జేబులో పెట్టుకుంటాడట, వాళ్లమ్మ ఒప్పుకుందట. తెంపెయ్యమనకుండా అడిగి ఉంటే ఆ రోజే ఇంతే తేలికగా తేలిపోయేది.

ఇక విరిగిన ఫ్యాను. మునీశ్వరి మంచం కిందికి వంగి పొడుగాటి అట్టపెట్టె బయటికి లాగింది. దాని మీద 'పంపుసెట్టు సామాను' అని దేవేంద్ర చేతిరాత. అందులో ఇంకో ఫ్యాను ఉందని ఆమెకు పోయిన దీపావళి దులుపులో తెలిసిపోయింది. ఆయన దాన్ని రహస్యంగా కొన్నాడు, ఆమె రహస్యంగా తుడుస్తూ వచ్చింది. పెట్టె తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి, "బేరగాడికి విరిగిన బండి చూపిస్తే పరువు పోతాదండీ. బిగించండి," అంది. దేవేంద్ర పెట్టె వంకా ఆమె వంకా చూసి, స్పానరు అందుకున్నాడు.

శనివారం సాయంత్రం ఇంట్లో ఉన్న పెద్ద డబరా తీసి చిత్రాన్నానికి కొలతలు వేస్తుంటే ఆయన అడిగాడు, "ఇంత అన్నం యాలకు?"

"బెంగళూరాయన ఎంత తింటాడో తెలీదు కదా."

ఆదివారం తెల్లారేసరికి మల్లప్ప బీడులో మంచు పలచగా ఉంది. మల్లప్ప ఆవుల్ని అటు కట్టేస్తున్నాడు. సాయిప్రసాద్ కొత్త చొక్కాలో, ఇంజనుకు చాలా దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దేవేంద్ర బండి చుట్టూ మెల్లగా తిరుగుతూ, ప్రతి నట్టునూ వేలితో తడుముతున్నాడు. అమ్మేసే బండికి అంత తడమక్కర్లేదు.

అప్పుడు గేటు దగ్గర మోటారు సైకిళ్ల చప్పుడు. దిలీప్, వాడి వెనక షోరూము కుర్రవాళ్లు. ఆ వెనక కుప్పం నుంచి మాట్లాడుకున్న వ్యాను, దాన్నిండా పిల్లలు. పల్లవి జడ ముడేసి, టోపీ కింద దోపుకుని దిగింది. మునీశ్వరి తిరిగి ఫోన్ చేసి పిలిచిన వి.కోట అక్కచెల్లెళ్లూ దిగారు. ఎవరూ చెప్పకుండానే ఒకరు రెక్క మూట దించారు, ఇద్దరు ముగ్గురు పొలంలో రాళ్లు ఏరి గట్టున వేయడం మొదలుపెట్టారు. ఒకడు ఆవుల దగ్గరికి పోయి వాటితో సెల్ఫీ తీసుకున్నాడు. వాణ్ణి మల్లప్ప అక్కడే కాపలా పెట్టాడు.

"ఏందిది?" అన్నాడు దేవేంద్ర.

"వంతులు," అంది మునీశ్వరి. సంగతంతా రెండు ముక్కల్లో చెప్పింది.

దేవేంద్ర కనుబొమలు ముడిపడ్డాయి. "డిపాజిట్ లేకుండా..."

"సార్," అన్నాడు దిలీప్ దారం తీసిన మణికట్టు చూపిస్తూ, "రెక్క మీద గాలి ఒత్తిడి యాల తగ్గుతాదో పల్లవి చెప్పింది. ఇప్పుడడగండి."

దేవేంద్ర బిగించిన నట్టునే మళ్లీ బిగించాడు.

సాయిప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. చేతిలో ఫోను. "బెంగళూరాయన పలమనేరు దాటినాడంట. రమ్మందునా, తిప్పి పంపుదునా? నాకైతే ఒకటే లెక్క. పిల్లోళ్లకు ఆశ లేదన్న నీ మాట మీదే నేను బేరం పెట్టినా. ఆ మాట తప్పని నీ నోటితో చెప్పు, ఇప్పుడే వద్దని చెప్పేస్తా. నువ్వు చెప్పకపోతే మాత్రం ఇచ్చేద్దాం. రేపు పొద్దున మళ్లీ వీళ్లను తరమవని ఏం నమ్మకం?"

"ఇప్పుడవన్నీ యాలరా? ముందు గాలి బాగుండాది, ఒక రౌండు వేసొస్తా," అంటూ దేవేంద్ర ముందు సీట్లో కూర్చుని బెల్టు బిగించుకున్నాడు. ఆయన సంగతి ఇంతే. నేల మీద చెప్పాల్సింది ఉంటే గాల్లోకి పోతాడు.

"మొదటి వంతు ఎవరిది?" అని అరిచాడు.

"ఆంటీది!" అన్నారు పిల్లలు. ఎవరు తీర్మానించారో తెలియదు, గొంతులు మాత్రం ఒక్కటే.

దేవేంద్ర వెనక్కి తిరిగాడు. "మునీకి భయం. ఎక్కదు."

"ఎప్పుడన్నా అడిగినారా?" అంది మునీశ్వరి. గాలిని అడ్డం పెట్టుకోవడానికి కూడా వీల్లేని ప్రశ్న అది. ఆమె చీర మీద పల్లవి ఇచ్చిన జర్కిను తొడుక్కుని, కుచ్చిళ్లు కాళ్ల చుట్టూ గట్టిగా చుట్టి పిన్నులు పెట్టించుకుని, హెల్మెట్టు పెట్టుకుని, వెనక సీట్లో కూర్చుంది. బెల్టు తనే బిగించుకుంది. భయం లేకపోలేదు, ఆ సంగతి ఆయనకు చెప్పాల్సిన అవసరం లేదు.

ఇంజను స్టార్టయింది. కొత్త ఫ్యాను గుండ్రంగా, నున్నగా తిరిగింది. వెనక రెక్క పచ్చిక మీద పరుచుకుని ఉంది. పిల్లలు రెండు వైపులా నిలబడ్డారు. సాయిప్రసాద్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని కళ్లతోనే అడుగుతున్నాడు.

దేవేంద్ర తాళ్లు పట్టుకున్నాడు. వదిలేశాడు. మళ్లీ పట్టుకున్నాడు. పిల్లల వైపు చూశాడు. తర్వాత ఆయన పెదాలు కదిలాయి. ఇంజను మోతలో ఎవరికీ ఏమీ అందలేదు, అందకూడదనే ఆ మోతలో అన్నాడు. వెనకే కూర్చున్న మునీశ్వరికి మాత్రం మెడ మీది నరాల కదలికను బట్టి ఆ మాట ఏమిటో తెలిసిపోయింది.

"ఏమీ వినపడలా!" అని అరిచింది.

ఆయన కొంచెం గట్టిగా అన్నాడు.

"ఇంజను మోతగా ఉండాదండీ! అస్సలు వినపడలా!"

దేవేంద్ర చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు. ఫ్యాను తిరిగి తిరిగి నిలబడింది. అవతల ఆవు మెడలో గంట ఒకసారి మోగి ఊరుకుంది.

"తప్పు నాదే," అన్నాడు దేవేంద్ర. గేటు దాకా వినిపించింది. "పిల్లోళ్లకు ఆశ లేదన్నది తప్పు. డిపాజిట్టూ తప్పే. బండి అమ్మొద్దురా సాయీ."

సాయిప్రసాద్ ఫోన్లోకి రావద్దని చెప్పి జేబులో వేసుకున్నాడు.

"ఇంకా?" అంది మునీశ్వరి వెనక సీట్లోంచి.

"ఇంకేముంది?"

వేచి ఉండడం ఆమెకు అలవాటే. ఆయన పంజరం ముందు కమ్మీ వంక, ఆ రోజు తాను ముడి వేసిన చోటు వంక, కాసేపు చూశాడు.

"నిమ్మకాయ గూడా," అన్నాడు చివరికి. "కట్టింది నేనే. ఆ పొద్దు గాలి తప్పేమీ లేదు."